పాత రాట్నం, కొత్త పలక

వాల్టర్ బాసెట్ అనే ఆంగ్ల ఇంజనీరు పందొమ్మిదో శతాబ్దపు చివరి ఏళ్ళలో యూరప్‌లో నాలుగు పెద్ద జెయింట్ వీల్స్ కట్టించాడు. 1895లో లండన్‌లో ఒకటి, 1896లో బ్లాక్‌పూల్ సముద్రపు ఒడ్డున ఒకటి, 1897లో వియన్నా నగరపు ప్రాటర్ తోటలో ఒకటి, 1900 ప్రపంచ ప్రదర్శనకు పారిస్‌లో ఒకటి. చెయ్యి ఒకటే, పద్ధతి ఒకటే, ఇనుమూ ఒకే తరానిది. మూడు చక్రాలు ఆ తర్వాతి దశాబ్దాల్లో ముక్కలై పాత ఇనుము కింద పోయాయి. వియన్నాది ఇప్పటికీ తిరుగుతోంది. పుట్టుకతోనే అది గట్టిది కాబట్టి నిలిచిందనుకుంటే పొరపాటు. 1916లోనే దాన్ని కూల్చడానికి అనుమతి వచ్చింది. కూల్చే ఖర్చుకు డబ్బు లేక ఆగింది. 1919లో ఎడ్వర్డ్ స్టైనర్ అనే ప్రాగ్ వ్యాపారి విప్పి అమ్ముకోవడానికే కొన్నాడు. కొన్నాక విప్పకుండా అద్దెకిచ్చాడు. ఆయన యూదుడు. నాజీలు చక్రాన్ని లాక్కున్నారు, 1944లో ఆయన్ని ఆష్విట్జ్‌లో చంపేశారు. అదే ఏడాది చక్రమూ మంటల్లో చిక్కుకుంది. 1947లో తిరిగి నడపడం మొదలుపెట్టినప్పుడు ముప్పై పెట్టెలకు బదులు పదిహేనే తగిలించారు. కాలిన చట్రం మునుపటి బరువు మోస్తుందన్న నమ్మకం లేక సగానికి తగ్గించారు. వియన్నా వెళ్ళినవాళ్ళు 1897 నాటి చక్రం అని ఫొటో దిగేది నిజానికి 1897లో పుట్టి, 1944లో చావు దాకా వెళ్ళి, 1947లో బరువు దించుకుని లేచిన చక్రం పక్కన.

వినోద యంత్రాల చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా పుట్టిన తేదీ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 1884లో లామార్కస్ థాంప్సన్ న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో ఐదు సెంట్ల టికెట్టుకు, గంటకు ఆరు మైళ్ళ వేగంతో కొయ్య పట్టాల మీద బండి నడిపాడు. 1893లో జార్జ్ ఫెర్రిస్ షికాగో ప్రదర్శనలో 264 అడుగుల చక్రం నిలబెట్టాడు. పేర్లు, ఎత్తులు, వేగాలు, పేటెంట్లు అన్నీ దొరుకుతాయి. ఫెర్రిస్ చక్రం పదమూడేళ్ళకే, 1906లో, సెయింట్ లూయిస్‌లో డైనమైటుకు బలైందన్న సంగతి ఆ చరిత్రల్లో చివరి వాక్యంగా వస్తుంది. దాన్ని మొదటి వాక్యం చెయ్యాలంటాను. ప్రపంచంలోకెల్లా పేరుమోసిన చక్రం పదమూడేళ్ళు కూడా నిండకుండా పోయింది, దాని తర్వాత నాలుగేళ్ళకు పుట్టిన వియన్నా చక్రం నూట పాతికేళ్ళు దాటింది. కట్టినవాడి తెలివి ఈ తేడాను చెప్పలేదు. కట్టాక ఎవరు చూసుకున్నారు, ఎవరు వదిలేశారు అన్నదే చెబుతుంది. పాత రైడు పాతది కావడం వల్ల ప్రమాదకరం కాదు. దాని ఆలనాపాలనా ఎక్కడో ఒకచోట తెగిపోవడం వల్ల ప్రమాదకరమవుతుంది. అందుకే ఈ యంత్రాల అసలు చరిత్ర వడ్రంగులది, మెకానిక్కులది, గ్రీజు పూసినవాళ్ళది. ఇది వాళ్ళ మీద జాలితో అంటున్న మాట కాదు, ఆధారాలు చూపిస్తున్న మాట.

కనిపెట్టినవాళ్ళను పక్కన పెట్టమనడం లేదు. వాళ్ళలో గొప్పవాడైన జాన్ మిల్లర్ పని చూస్తే, అతను సగం మరమ్మతుదారుడిలా ఆలోచించాడనిపిస్తుంది. వందకు పైగా పేటెంట్లు అతని పేర ఉన్నాయి. రోలర్ కోస్టర్ మొదటి ఎత్తు ఎక్కుతున్నప్పుడు కింద టకటకమని వినిపించే చప్పుడు అతని ఆలోచనే. బండి కింద ఉన్న ఇనుప కొక్కెం, పట్టా మధ్యనున్న ఇనుప పళ్ళ మీద ఒక్కొక్కటే ఎక్కుతూ పడుతుంది. లాగే గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఆ పళ్ళు పట్టుకుంటాయి. పట్టా కింది అంచును పట్టి ఉండే చక్రాలు కూడా మిల్లర్‌వే. బండి ఎగరబోతే అవి ఎగరనివ్వవు. ఇవి రెండూ వచ్చాకే నిటారు పల్లాలు, పదునైన మలుపులు సాధ్యమయ్యాయి. తెగుతుంది, జారుతుంది, ఎగురుతుంది అని ముందే అనుకున్నవాడే అలాంటివి కనిపెడతాడు. కానీ ఆ కొక్కెం కూడా ఇనుమే, అరిగే వస్తువే. 1972 మే 30న లండన్ బాటర్సీ పార్కులో బిగ్ డిప్పర్ అనే కొయ్య కోస్టర్‌లో బండిని పైకి లాగుతున్న మోకు విడిపోయింది. వెనక్కి జారకుండా ఆపాల్సిన ఏర్పాటు పనిచెయ్యలేదు. బండి వెనక్కి దూసుకుపోయింది, ఐదుగురు పిల్లలు చనిపోయారు. ఆ కోస్టర్ 1951లో కట్టింది, అంటే అప్పటికి ఇరవయ్యొక్క ఏళ్ళది. 1902 నాటి కోస్టర్ ఒకటి అమెరికాలో అప్పటికీ తిరుగుతోంది. మిల్లర్ ఆలోచన అరవయ్యేళ్ళ క్రితమే లోకానికి దొరికింది. ఆ రోజు అక్కడున్న కొక్కేనికి మాత్రం దాని వల్ల ఏ మేలూ జరగలేదు.

కొయ్య కోస్టర్ దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే ఆలనాపాలనా ఒక వృత్తిగా ఎలా బతుకుతుందో అక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. దాని పట్టా ఒక్క దుంగ కాదు. పలక మీద పలక పేర్చి, మేకులూ బోల్టులూ బిగించి, ఏడెనిమిది పొరలుగా కడతారు. పై పొరలు కొంచెం బయటికి పొడుచుకు వస్తాయి, వాటి మీద ఇనుప బద్దీ పరుస్తారు, చక్రం ఆ బద్దీ మీద దొర్లుతుంది. వానకు కొయ్య ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఉబ్బి ముడుచుకున్న ప్రతిసారీ మేకు వెంట్రుకవాసి పైకి లేస్తుంది, బోల్టు వెంట్రుకవాసి వదులవుతుంది. బండి వెళ్ళిన ప్రతిసారీ చట్రమంతా ఊగుతుంది. ఊగకపోతే విరుగుతుంది కనుక ఊగేలాగే కడతారు. అందుకని పార్కు తెరవకముందు, పొద్దున్నే, వడ్రంగి చేతిలో సుత్తి, స్పానరు పట్టుకుని పట్టా పొడవునా నడుస్తాడు. లేచిన మేకును కొడతాడు, వదులైన బోల్టును బిగిస్తాడు, చీలిన పలకకు గుర్తు పెడతాడు. కొయ్యను తట్టి వింటే గట్టిదానికి ఒక చప్పుడు, లోపల పుచ్చినదానికి ఇంకో చప్పుడు. పల్లం దిగి పైకి లేచే చోట, మలుపు తిరిగే చోట కొయ్య తొందరగా అరుగుతుంది కనుక ఆ చోట్లు అతనికి ముఖపరిచయం ఉన్న మనుషుల్లాంటివి. పొద్దున నెమ్మదిగా నడిచే బండి సాయంత్రానికి గ్రీజు వేడెక్కి వేగమందుకుంటుందని కూడా అతనికి తెలుసు. చలికాలం పార్కు మూసినప్పుడు పట్టాలో కొంత భాగం పీకి కొత్త పలకలు వేస్తారు. మరుసటి ఏడు ఇంకొంత భాగం. ఇలా కొన్నేళ్ళకు పట్టా మొత్తం మారిపోతుంది. అప్పటికి మొదట మార్చిన భాగానికి మళ్ళీ వంతు వస్తుంది. ఈ పనికి ముగింపు ఉండదు. ముగింపు వచ్చిందంటే కోస్టర్‌కే ముగింపు వచ్చినట్టు.

ఆ ముగింపు అంచు దాకా వెళ్ళి వచ్చినవాటిలో కోనీ ఐలండ్ సైక్లోన్ ఒకటి. 1927 జూన్ 26న మొదలైంది. ఇనుప చట్రం మీద కొయ్య పట్టా, 2,640 అడుగుల పొడవు, మొదటి పల్లం 85 అడుగులు. సముద్రం పక్కనే ఉండటంతో ఉప్పుగాలి, ఇసుక దాని నిత్య శత్రువులు. 1960ల చివర్లో ఆ చుట్టుపక్కల ప్రాంతమంతా కళ తప్పింది. నగరపాలక సంస్థ స్థలాన్ని చేజిక్కించుకుంది. పక్కనున్న అక్వేరియం విస్తరణకు సైక్లోన్‌ను కూల్చాలన్న ఆలోచన వచ్చింది. కొన్నేళ్ళు అది అలా పాడుపడి ఉంది. కూల్చవద్దని జనం పూనుకున్నాక 1975లో పక్కనున్న ఆస్ట్రోలాండ్ పార్కువాళ్ళకు లీజుకిచ్చారు. వాళ్ళు బాగుచేసి అదే ఏడాది జులైలో మళ్ళీ తెరిచారు. 1988లో న్యూయార్క్ నగరం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఇక్కడ గమనించాల్సింది రక్షించిన తీరు కన్నా ప్రమాదంలో పడిన తీరు. సైక్లోన్ విరిగి కాదు చావబోయింది. అద్దె, స్థలం, రాబడి లెక్కల్లో బోల్టు బిగించేవాడికి చోటు పోవడంతో చావబోయింది. అమెరికా అంతటా జరిగిందీ ఇదే. 1920లలో అక్కడ రోలర్ కోస్టర్లు వెయ్యి దాటి ఉండేవని, 1960 నాటికి రెండు వందల లోపుకు పడిపోయాయని ఈ రంగం చరిత్ర రాసినవాళ్ళు లెక్క చెబుతారు. ఆర్థిక మాంద్యంలో జనం చేతిలో డబ్బులేదు, యుద్ధకాలంలో కలపకూ ఇనుముకూ కరవు. రంగు వెయ్యని ఏడాది, పలక మార్చని ఏడాది, అలా రెండు మూడు కలిస్తే కొయ్య కోస్టర్ కూల్చివేతకు సిద్ధమైపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. పలకలన్నీ మార్చేశాక, గొలుసు మార్చేశాక, బండ్లు మార్చేశాక దాన్ని 1927 నాటిదని ఎలా అంటారు? పేరు మాత్రమే పాతది కాదా? మన ఊళ్ళ రథాలకు చక్రాలు మారతాయి, ఇరుసు మారుతుంది, పై చట్రమూ తరాల్లో మారిపోతుంది. అయినా దాన్ని ఆ ఊరి రథమనే అంటారు, కొత్త రథమనరు. అలా అనడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. రూపం, కొలత, నడిపే పద్ధతి, దాన్ని చూసుకునే చేతుల వరస తెగలేదు కాబట్టి. మెల్బోర్న్ లూనా పార్కులోని సీనిక్ రైల్వే దీనికి మంచి ఉదాహరణ. 1912 డిసెంబరులో మొదలైన ఆ కొయ్య కోస్టర్‌లో బండి మధ్యన ఒక మనిషి నిలబడి వెళ్తాడు. బ్రేకు అతని చేతిలో ఉంటుంది. ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టాలో, తడి రోజున ఎంత ముందుగా పట్టాలో అతనికి తెలిసుండాలి. ఆ సంగతి నిలబడి చేసినవాడు పక్కన నిలబడ్డవాడికి నేర్పాల్సిందే. కొయ్యను అడవి నుంచి మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ బ్రేకు పట్టే ఒడుపు తెగిపోతే ఏ అడవి నుంచీ తెచ్చుకోలేం. కాబట్టి పాతదనం ఎక్కడుందని అడిగితే, పలకలో కన్నా పలక మార్చే అలవాటులో ఎక్కువుందని నా జవాబు. దీనికి ఎదురు రుజువు కూడా ఉంది. పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో 1902 నాటి లీప్ ద డిప్స్ 1985లో ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు కనుక అందులో పాత కొయ్యకు కొదవలేదు. అయినా పద్నాలుగేళ్ళ పాటు అది కోస్టర్ కాదు, కొయ్య గుట్ట. 1999లో కొత్త కొయ్య వేసి నడిపాకే మళ్ళీ 1902 నాటి కోస్టర్ అయింది.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. కొయ్య సంగతి సరే, ఇనుము మాటేమిటి? కొయ్య చీలితే కనిపిస్తుంది, ఇనుము అలా కాదు. లక్షల సార్లు వంగి లేచిన ఇరుసులో వెంట్రుక కన్నా సన్నని పగులు మొదలై, ఏళ్ళ తరబడి పాకి, ఒక మామూలు రోజున తెగుతుంది. ఇంజనీర్లు దీన్ని లోహపు అలసట అంటారు. వయసు ప్రమాదం కాదనేవాళ్ళు 2007 మే 5న జపాన్‌లో ఒసాకా దగ్గర ఎక్స్‌పోలాండ్‌లో జరిగిందానికి జవాబు చెప్పాలి. ఫూజిన్ రైజిన్ అనే కోస్టర్ బండి ఇరుసు పరుగులోనే తెగింది. పంతొమ్మిదేళ్ళ యువతి చనిపోయింది. 1992లో ఆ కోస్టర్ మొదలైనప్పటి నుంచీ ఆ ఇరుసును మార్చలేదు. 2017 జులైలో అమెరికాలో ఒహాయో రాష్ట్ర ప్రదర్శనలో ఫైర్ బాల్ అనే ఊగే రైడు చెయ్యి విరిగి పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మరణించాడు. అది బోలు దూలం. లోపలి వైపు తుప్పు తినేసి గోడ పలచబడిపోయిందని తయారీ సంస్థ పరిశీలనలో తేలింది. అంతకుముందే తనిఖీదారులు దాన్ని చూసి నడపవచ్చన్నారు. పైన రంగు బాగానే ఉంది మరి. ఈ రెండు యంత్రాలూ వయసు మీదపడినవే, ఒకటి పదిహేనేళ్ళది, ఇంకొకటి పద్దెనిమిదేళ్ళది.

ఈ అభ్యంతరంలో నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఇనుముకు వయసుంది. అయితే ఆ వయసు యంత్రానిది కాదు, భాగానిది. ఇరుసుకు ఒక ఆయువు, వెల్డింగు అతుకుకు ఒక ఆయువు, బేరింగుకు ఒక ఆయువు. ఆ ఆయువును ఏళ్ళలో కూడా లెక్కించకూడదు, ఎన్నిసార్లు బరువెత్తి దించింది అన్న లెక్కలో చూడాలి. ఎక్స్‌పోలాండ్‌లో చనిపోయింది పదిహేనేళ్ళ కోస్టర్ వల్ల కాదు, పదిహేనేళ్ళ ఇరుసు వల్ల. ఆ ఇరుసులో పగులు చూడాల్సిన ఏటేటి పరీక్షను ఆ ఏడాది వాయిదా వేశారు. సైక్లోన్ విషయంలో 2024 ఆగస్టులో జరిగింది దీనికి పూర్తిగా తిరగేసిన బొమ్మ. బండి ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయింది. జనాన్ని దించారు. గొలుసును తిప్పే పళ్ళచక్రం దెబ్బతిందని తేలింది. కోస్టర్‌ను మూసి, ఆ భాగం బాగుచేసి మళ్ళీ తెరిచారు. తొంభై ఏడేళ్ళ యంత్రంలో ఒక భాగానికి ఆయువు తీరింది, ఎవరికీ ఆయువు తీరలేదు. కాబట్టి పాత రైడును ఒక్క పుట్టినరోజున్న మనిషిలా కాక, ఒక్కొక్కరికి ఒక్కో పుట్టినరోజున్న ఉమ్మడి కుటుంబంలా చూడాలి. ఆ పుట్టినరోజులన్నీ రాసిన పుస్తకం లేనిచోట, అక్కడ భయపడాలి. పగులును కంటితో కాకుండా అయస్కాంతపు పొడితో, ధ్వని తరంగాలతో, రంగు పూసి తుడిచి చూసే పద్ధతులు దశాబ్దాలుగా ఉన్నాయి. అవి విమానాలకు, రైళ్ళకు వాడేవే. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. విప్పి చూడాల్సింది మాత్రం చాలా ఉంది. ఫైర్ బాల్ దూలంలో లోపలి తుప్పును బయటి నుంచి చూసి ఎవరూ పట్టలేరు, అందుకే పై తనిఖీని ఆలనాపాలనా అని పిలవకూడదు.

పాతవాటితో ఇంత అవస్థ ఎందుకు, కొత్తవి కట్టుకుంటే పోదా అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు జవాబు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోనే, కింగ్స్ ఐలండ్ అనే ఒక్క పార్కు ఆవరణలో దొరుకుతుంది. అక్కడ ద బీస్ట్ అనే కొయ్య కోస్టర్‌ను 1979లో కట్టారు. దాని పేరు నిలబెట్టేలా 2000లో సన్ ఆఫ్ బీస్ట్ కట్టారు. 218 అడుగుల ఎత్తు, అప్పటికి కొయ్య కోస్టర్లలో అన్నిటికన్నా ఎత్తైనది. ఆరేళ్ళకే, 2006 జులైలో, చట్రంలో ఒక దూలం దెబ్బతిని పట్టాలో గుంట పడింది, ఇరవై ఏడుగురు గాయపడ్డారు. 2009లో మూసేశారు, 2012లో కూల్చేశారు. తండ్రి మాత్రం నడుస్తూనే ఉన్నాడు. కొత్తది కావడం భద్రత కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే కొత్తవాళ్ళ పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. కంప్యూటరు అదుపులు రెండు బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూడటంలో మనిషి కన్నా మెరుగు. కాళ్ళ మీది కడ్డీ బిగిసిందో లేదో చూడటంలోనూ మెరుగే. పాత కోస్టర్లు ఈ ఏర్పాట్లను తెచ్చుకున్నాయి, తెచ్చుకోవాలి కూడా. కానీ అవి చూసేది తమకు అమర్చిన చోట మాత్రమే. 2003 సెప్టెంబరులో కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో బిగ్ థండర్ మౌంటెన్ రైలు పట్టా తప్పి ఇరవై రెండేళ్ళ యువకుడు మరణించాడు. ఒక చక్రపు అమరికను మరమ్మతులో సరిగ్గా బిగించలేదని రాష్ట్ర విచారణలో తేలింది. ప్రమాదానికి ముందు ఆ రైలు నుంచి వింత చప్పుడు వస్తోందని నడిపేవాళ్ళు గమనించారు. ఇంకొక్క చుట్టు తిప్పి పక్కన పెడదామనుకున్నారు. ఆ రోజు చెవి పనిచేసింది, చెవికి ఆపే అధికారం లేకపోయింది.

చేతికీ చెవికీ అందే ఈ తెలివిని నేను పదే పదే ఎత్తడానికి కారణముంది. కోనీ ఐలండ్‌లోనే 1920లో కట్టిన వండర్ వీల్ ఉంది, 150 అడుగులు, ఇరవై నాలుగు పెట్టెలు. 1977 జులై 13 రాత్రి న్యూయార్క్ అంతా కరెంటు పోయినప్పుడు ఆ చక్రాన్ని చేత్తో తిప్పి, పైనున్నవాళ్ళను ఒక్కొక్క పెట్టె చొప్పున కిందికి దించారు. యాభై ఏడేళ్ళ చక్రం చేతితో తిరిగిందంటే దాని ఇరుసు, దాని తూకం ఏ స్థితిలో ఉన్నాయో అదే ధ్రువపత్రం. తుప్పు పట్టిన చక్రాన్ని ఎంతమంది చేతులు వేసినా కదల్చలేరు. హాట్ డాగ్ అమ్మి బతికిన డెనోస్ వూర్డెరిస్ 1983లో దాన్ని కొని బాగుచేశాడు. ఇప్పటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. ఏటా చలికాలం పెట్టెలన్నీ దించి, పరీక్షించి, రంగులు వేసి, వసంతంలో తిరిగి తగిలిస్తారు. కుటుంబం చూసుకుంటే బాగుంటుంది, కంపెనీ చూసుకుంటే పాడవుతుంది అని దీని నుంచి తేల్చడం తొందరపాటు. మెల్బోర్న్‌లో, వియన్నాలో వ్యవస్థ వేరు. మూసి ఉంచే కాలం ఒకటి ఉండటం మాత్రం ముఖ్యం. మంచు కురిసే దేశాల్లో ప్రకృతే ఆ విరామాన్ని ఇస్తుంది. మన దగ్గర వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి, పెళ్ళిళ్ళ కాలం, ఏదో ఒక రద్దీ ఏడాదంతా ఉంటుంది. విరామాన్ని యజమాని తనంతట తాను తీసుకోవాలి.

మన మాటలోకి వస్తే, రాట్నం అంటే మొదట నూలు వడికేది. అదే పేరు జాతరలో పిల్లల్ని తిప్పేదానికి వచ్చి రంగులరాట్నమైంది. పాత జాతర రాట్నం చిన్నది. నిలువు రాట్నమైతే నాలుగు తొట్టెలు, రెండు గుంజలు, ఒక ఇరుసు. తిప్పేది మనిషి చెయ్యే. ఇరుసు బిగుసుకుంటే మొదట తెలిసేది అతని భుజానికి. ఆముదమో మరో నూనో పోసేదీ, తాడు కట్టు సరిచేసేదీ అతనే. కట్టేవాడు, తిప్పేవాడు, బాగుచేసేవాడు ఒక్కడే. మోటారు వచ్చాక ఈ ముగ్గురూ విడిపోయారు. స్విచ్చు నొక్కేవాడికి ఇరుసు బరువు తెలియదు. ఎక్కడో తయారైన చక్రాన్ని ఒకరు కొంటారు, ఇంకొకరు అద్దెకు తీసుకుంటారు, లారీల్లో ఊరూరా తిప్పుతారు, ఎగ్జిబిషన్ మైదానంలో కూలీలు బిగిస్తారు, నెలా నెలన్నరకు విప్పేస్తారు. 1938లో మొదలైన హైదరాబాదు నుమాయిష్ నుంచి జిల్లా కేంద్రాల వేసవి ఎగ్జిబిషన్ల దాకా మన జనం ఎక్కువగా ఎక్కేది ఇలాంటి ప్రయాణపు రాట్నాలే. విప్పి బిగించిన ప్రతిసారీ బోల్టు రంధ్రం కొంచెం అరుగుతుంది, పిన్ను ఒకటి మారిపోతుంది, చీలమేకు ఒకటి మరిచిపోతారు. ఫైర్ బాల్ కూడా ఇలా ఊరూరా తిరిగిన యంత్రమే. 2018 మేలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టె ఊడిపడి పదేళ్ళ పాప చనిపోయింది. 2019 జులైలో అహ్మదాబాదు కాంకరియా చెరువు దగ్గర ఊగే రైడు విరిగి ఇద్దరు మరణించారు.

ఇలాంటివాటి తర్వాత వెంటనే వచ్చే మాట, లైసెన్సు ఉందా లేదా అని. అది అడగాల్సిందే, కానీ లైసెన్సు ఒక రోజుది, రాట్నం జీవితం చాలా ఏళ్ళది. ఊరు మారితే అధికారి మారతాడు, కాగితం కొత్తగా మొదలవుతుంది. నిన్నటి ఊళ్ళో ఏ అతుకు పగిలిందో ఈ ఊరికి తెలియదు. చట్టాలు బలంగా ఉన్నాయనుకునే దేశాల్లోనూ ఈ అతుకుల దగ్గరే చిక్కు. అమెరికాలో ఒకేచోట ఉండే రైడ్ల మీద కేంద్ర భద్రతా సంస్థకున్న అధికారాన్ని 1981లో తీసేశారు; అప్పటి నుంచి ఏ రాష్ట్రం ఎంత చూస్తే అంత. వియన్నా చక్రానికి 1916లో ఏం జరిగిందో, 1944లో ఏం కాలిందో, 1947లో ఏం తగ్గించారో ఎనభై ఏళ్ళ తర్వాత కూడా చదువుకోవచ్చు. లారీ దిగి మన మైదానంలో నిలబడ్డ చక్రానికి పోయిన నెల గురించి కూడా అలాంటి పుట ఉండదు. అది ఏ ఏట తయారైందో, ఇరుసు ఎప్పుడు మార్చారో, అతుకులు ఎవరు వేశారో, ఎన్ని ఊళ్ళు తిరిగిందో ఒక పుస్తకంలో రాసి, ఆ పుస్తకం చక్రంతోపాటు అదే లారీలో ఊరూరా ప్రయాణించాలి. టికెట్టు కొనేచోట, టికెట్టు ధర పక్కనే, ఆ పుస్తకంలోని చివరి పుట అతికించి ఉండాలి. అందులో ఆ రోజు పొద్దున బోల్టులు చూసినవాడి పేరు, చూసిన వేళ, కింద అతని సంతకం.